పరుగెత్తు పాదములు

సంగారెడ్డి జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో నాగల్‌గిద్ద అను ఊరు కలదు. పూర్వము ఇది మెదక్ జిల్లాలోనిది. 2016 వ సంవత్సరమున తెలంగాణములో కొత్త జిల్లాలు ఏర్పడినపుడు నాగల్‌గిద్ద ఒక మండలమునకు కేంద్రమైనది. దీనికి చేరువనున్న పట్టణము నారాయణఖేడ్. సరిహద్దు సీమ యగుటచే ఇచ్చటి పిల్లల చెవులకు తెలుగుతోపాటు కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలును కొత్తవి కావు. ఇంటి మాట ఏదైనను సాయంకాలపు ఆట మాత్రము అందరికిని ఒక్కటియే. బడి విడువగనే పుస్తకముల సంచి ఒక మూలను చేరును. కబడ్డీ కూత మైదానమున మ్రోగును.

ఈ ప్రాంతమున నల్లరేగడి నేలలు కలవు. నల్లరేగడి స్వభావము మీరెరిగినదే. వానకాలమున అది కాళ్ళకంటుకొని అడుగు తీసి అడుగు వేయనీయదు. వేసవి వచ్చునప్పటికి నెఱ్ఱెలు వాసి రాయివలె గట్టిపడును. అట్టి నేలపై గంతులు వేయు పాదములను గురించి మనము సాధారణముగ ఆలోచింపము. ముల్లు గ్రుచ్చుకొన్ననాడు మాత్రమే పాదము మనకు జ్ఞప్తికి వచ్చును. ఈ పాఠమున పాదములోని ఒక చిన్న భాగమును, అనగా మడమను గురించియు, దానిని కాపాడు ఆటబూట్లను గురించియు తెలిసికొందము.

దాచిన నొప్పి

ఇట్టి ఊరిలో పండ్రెండేండ్ల బాలుని ఒకనిని మీ మనస్సున ఊహించుకొనుడు. అతడు ఖోఖో ఆటలో మెరుపువంటివాడు. మండలస్థాయి పోటీలు దగ్గరపడినవి. ప్రతిదినము ఉదయము ఒక గంట, సాయంకాలము రెండు గంటలు సాధన. కొన్ని దినములకు ఆట ముగిసిన పిమ్మట అతని కుడిమడమ వెనుక సలుపు మొదలైనది. రాత్రి పడుకొన్నచో తగ్గును. మరునాడు పరుగెత్తినచో మరల వచ్చును. రెండు వారములు గడచునప్పటికి అతడు మడమ నేలకు ఆనకుండ మునివ్రేళ్ళపై నడువసాగెను.

ఇంటిలో చెప్పవలెనన్న జంకు. చెప్పినచో ఆట మానుమందురేమో. తోటివారికి చెప్పవలెనన్న సిగ్గు. పోటీ అనగనే కుంటుచున్నాడని నవ్వుదురేమో. కాలికి గాయము లేదు, వాపు లేదు, రక్తము లేదు. కంటికి కనబడని నొప్పిని ఎవరు నమ్ముదురు? ఇట్లు తలపోసి అతడు పండ్లు బిగబట్టుకొని ఆడుచునే యుండెను. అతని కాలి బూట్లు అన్నగారు రెండేండ్లు తొడిగి విడిచినవి. వాని మడమభాగము ఒక ప్రక్కకు అరిగి వాలిపోయినది. బూట్లు వదులుగా నున్నవని ముందు భాగమున కాగితములు కుక్కి యుండెను.

ఈ బాలుడు కల్పితుడే. కాని ఇట్టి బాలబాలికలు ప్రతి మైదానమునను ఉందురు. మీ తరగతిలోను ఒకరుండవచ్చును. వారి నొప్పి సోమరితనము కాదు, నటన కాదు. దానికొక కారణము కలదు. ఒక పేరు కలదు. సులభమైన చికిత్సయు కలదు.

మడమలో ఏమి జరుగును?

మన పాదమున 26 ఎముకలు కలవు. వానిలో పెద్దది మడమ ఎముక. పసితనమున దాని వెనుక అంచు ఎముక కాదు, మెత్తని మృదులాస్థి. సుమారు ఏడెనిమిదేండ్ల ప్రాయమున ఆ అంచునందు వేరొక చిన్న ఎముక తునక ఏర్పడును. ఈ తునకకును, పెద్ద ఎముకకును నడుమ మృదులాస్థి పొర యొకటి నిలిచియుండును. మడమ పెరుగుట ఈ పొర యొద్దనే. పదునాలుగు, పదునైదేండ్లు వచ్చునప్పటికి పొర మాయమై రెండు ఎముకలును అతుకుకొని ఒక్కటియగును. బాలికలలో ఇది కొంత ముందుగనే జరుగును.

ఇక పిక్కను చూడుడు. పిక్కలోని బలమైన కండరములు క్రిందికి దిగివచ్చి, ఒక లావుపాటి త్రాడువలె మారి, మడమ వెనుక అంచునకు కట్టబడియున్నవి. మీ చేతితో మడమపైన తడవి చూచినచో ఆ త్రాడు స్పష్టముగ తెలియును. జనులు దీనిని నరమందురు. శాస్త్రమున దీని పేరు స్నాయుబంధనము. శరీరములోని స్నాయుబంధనములలో ఇదియే మిక్కిలి బలమైనది. గ్రీకుల కథలలో అకిలీజ్ అను వీరుడు కలడు. తల్లి అతనిని శైశవమున మహిమగల నదిలో ముంచునపుడు మడమ పట్టుకొనెననియు, ఆ మడమ ఒక్కటి తడవకపోవుటచే అక్కడనే బాణము తగిలి అతడు మరణించెననియు చెప్పుదురు. అతని పేరనే వైద్యులు ఈ త్రాడును పిలుతురు. మన పురాణములలో శ్రీకృష్ణుడును పాదమున బోయవాని బాణము తగిలియే అవతారము చాలించెను. ఎంతటి వీరునికైనను పాదము సుకుమారమైన చోటని పూర్వులు గ్రహించిరి కాబోలు.

పదియేండ్లు దాటిన పిల్లలు ఒక్కొక్క ఏడు హఠాత్తుగ పొడవగుదురు. ఎముకలు త్వరగ పొడవగును. పిక్క కండరములు అంత త్వరగ సాగవు. అందుచే త్రాడు బిగిసి మడమ అంచును పైకి లాగుచుండును. ఆ అంచు ఇంకను ముదురలేదు గదా! పల్లెటూరి పిల్లలకు దీనినొక పోలికతో చెప్పవచ్చును. నేల ఇంకను గట్టిపడని చోట గుంజ పాతి, కోడెదూడను పొట్టి పలుపుతో కట్టినామనుకొనుడు. అది ఎగిరినపుడెల్ల గుంజ కదలును. పలుపు తెగదు, గుంజ విరుగదు, గుంజ చుట్టునున్న నేల మాత్రము వదులగును. పరుగెత్తు పిల్లవాని మడమలో జరుగునదియు ఇట్టిదే. త్రాడు లాగుట వలనను, నేల తాకిడి వలనను మృదులాస్థి పొర యొద్ద తాపము పుట్టి నొప్పి కలుగును.

1912 వ సంవత్సరమున అమెరికా దేశపు బోస్టన్ నగరమున జేమ్స్ వారెన్ సీవర్ అను ఎముకల వైద్యుడు ఈ బాధను వివరముగ వర్ణించెను. నాటినుండి దీనికి సీవర్ వ్యాధి అని పేరు వచ్చినది. వ్యాధి యన్న మాట విని భయపడవలదు. ఇది అంటురోగము కాదు, తగ్గని రోగమును కాదు. ఎనిమిది మొదలు పదునైదేండ్ల లోపు ఆటగాండ్రకు తరచుగ వచ్చు పెరుగుదల నొప్పి ఇది. మడమ ఎముక అతుకుకొన్న పిమ్మట ఇది పూర్తిగ పోవును. శాశ్వతమైన లోపము మిగులదు. కాని దాచిపెట్టి ఆడుచుండినచో వారములలో పోవలసినది నెలల తరబడి వేధించును.

ఒక చిన్న లెక్క

నలుబది కిలోల బరువుగల విద్యార్థి పరుగెత్తుచున్నాడనుకొందము. నడకకంటె పరుగునందు పాదముపై పడు బలము ఎక్కువ. ప్రతి అడుగునను శరీరపు బరువునకు రెండు మూడు రెట్లు ఒక్క పాదముపై పడును. తక్కువలో తక్కువ రెండు రెట్లు వేసికొన్నను అది 80 కిలోలు. ఒక కిలోమీటరు పరుగునకు సుమారు వేయి అడుగులు పట్టునని లెక్కించినచో, ఒక్కొక్క పాదమునకు ఐదువందలు. 500 ను 80 చే గుణించినచో 40,000 కిలోలు, అనగా 40 టన్నులు. పది టన్నుల బరువుగల లారీలు నాలుగు! ఇంత భారమును కొంచెము కొంచెముగ ఒక్క పాదము భరించుచున్నది.

ఈ భారమును మెత్తబరచుటకు ప్రకృతి మడమ క్రింద దట్టమైన కొవ్వు మెత్తను అమర్చినది. పాదము నడుమనున్న వంపు స్ప్రింగువలె వంగి లేచును. మెత్తని నేల కొంత బలమును తనలో ఇముడ్చుకొనును. గట్టిపడిన రేగడియు, సిమెంటు గచ్చును, తారురోడ్డును అట్లు ఇముడ్చుకొనవు. అరిగిన బూటును అంతే. నేల గట్టిదై, బూటు పలుచనై, సాధన ఒక్కసారిగ రెట్టింపైనపుడు మడమపై భారము హద్దు మీరును. మన బాలుని విషయమున ఈ మూడును ఒక్కమారే జరిగినవి.

వట్టికాళ్ళా? బూట్లా?

“మా తాతలు చెప్పులు లేకయే పొలములు దున్నిరి. బూట్లెందుకు?” అని కొందరడుగుదురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. చిన్నతనమున మెత్తని నేలపై వట్టికాళ్ళతో తిరుగుట పాదములకు బలము నిచ్చును. కాని వట్టికాళ్ళకు తుమ్మముండ్లు, గాజుపెంకులు శత్రువులు. మలినమైన తడినేలలోని కొంకిపురుగు పిల్లలు పాదముల చర్మము ద్వారా దేహములో ప్రవేశించి రక్తమును హరించును. మడమ నొప్పి యున్నవారికి గట్టినేలపై వట్టికాళ్ళ పరుగు బాధను పెంచును.

ఆటల చరిత్రలో ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణములు రెండు కలవు. 1960 వ సంవత్సరము సెప్టెంబరు 10 వ తేదీన రోము నగరమున ఒలింపిక్ మారథాన్ పరుగు జరిగెను. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఇథియోపియా దేశపు సైనికుడు అబెబె బికిలా దానిలో పాల్గొనెను. అతనికి ఇచ్చిన బూట్లు పాదములకు సరిగ అమరలేదు. వట్టికాళ్ళతో సాధన చేసిన అలవాటుండుటచే అతడు వానిని విడిచి, రాతి వీధులపై వట్టికాళ్ళతోనే పరుగెత్తి స్వర్ణపతకము గెలిచెను. నాలుగేండ్లకు, 1964 లో టోక్యో నగరమున అతడే బూట్లు తొడిగికొని పరుగెత్తి మరల ప్రథముడుగ నిలిచెను. రోములోకంటె మూడు నిమిషములు తక్కువ కాలముననే గమ్యము చేరెను. ఒలింపిక్ మారథాన్‌ను రెండు మారులు గెలిచిన మొదటివాడతడే. ఈ కథ వలన తెలియునదేమి? అమరని బూటుకంటె వట్టికాలు మేలు; అమరిన బూటు పాదమునకు చెలికాడు.

రెండవ ఉదాహరణము మన హైదరాబాదుది. సయ్యద్ అబ్దుల్ రహీం పాఠశాల ఉపాధ్యాయుడుగ జీవితమారంభించి, ఫుట్‌బాల్ శిక్షకుడై, 1950 మొదలు 1963 లో మరణించువరకు భారత జట్టును తీర్చిదిద్దెను. ఆ దినములలో మన ఆటగాండ్రలో పెక్కురు వట్టికాళ్ళతోనే ఆడెడివారు. 1951 లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో వారు స్వర్ణము గెలిచిరి. కాని 1952 లో ఫిన్లాండు దేశపు హెల్సింకీలో, చలిలో, యుగోస్లావియాపై ఆడినపుడు 10-1 గోల్సు తేడాతో ఓడిపోయిరి. అటుపిమ్మట మన జట్టునకు బూట్లు తప్పనిసరియైనవి. 1956 లో మెల్బోర్న్ ఒలింపిక్సున రహీం శిక్షణలోని జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి నాలుగవ స్థానము పొందెను. 1962 లో జకార్తాలో మరల ఆసియా స్వర్ణము తెచ్చెను. ఈ విజయములన్నియు బూట్ల వలననే కలిగినవని చెప్పరాదు; శిక్షణయు, క్రమశిక్షణయు ముఖ్యములు. ఐనను కాలమునకును, నేలకును, ఆటకును తగినట్లు పాదరక్షను మార్చుకొనుట మన పెద్దలు చిన్నతనముగ భావింపలేదు.

తగిన బూటును గుర్తించుట

వెలయెక్కువైన బూటు మంచి బూటని తలపవలదు. సంతలోనైనను, పట్టణపు దుకాణములోనైనను ఈ పరీక్షలు మీరే చేయవచ్చును.

మొదటిది కొలత. పాదము దినమంతయు నడచిన పిమ్మట కొంచెము ఉబ్బును. కావున సాయంకాలమున, మేజోళ్ళు తొడిగికొని, నిలుచుండి బూట్లు చూడవలెను. పొడవైన వ్రేలికిని బూటు కొసకును నడుమ బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. రెండు పాదములు సమానముగ నుండకపోవచ్చును. పెద్దపాదమునకు సరిపోవు జత కొనవలెను.

రెండవది మడమ పట్టు. బూటు వెనుక భాగమును రెండు వ్రేళ్ళతో నొక్కి చూడుడు. అది గట్టిగ నిలువవలెను. వెంటనే ముడుచుకొని పోరాదు. నడచునపుడు మడమ బూటులోనుండి పైకి జారరాదు.

మూడవది వంపు. బూటును రెండు కొసల పట్టి వంచినచో అది వ్రేళ్ళ మొదట, అనగా పాదము సహజముగ వంగుచోటనే వంగవలెను. నడుమకు మడతపడు బూటు పాదమునకు ఆధారము కాజాలదు.

నాలుగవది మెత్తదనము. మడమ క్రింద మెత్త యుండవలెను. పలుచని అట్టవంటి అడుగుగల బూట్లును, మేకులవంటి ముండ్లుగల బూట్లును గట్టినేలపై మడమకు చేటు. ముండ్లబూట్లు పచ్చికకే తగినవి.

ఐదవది కట్టు. లేసుగాని, పట్టీగాని బిగించి కట్టుకొనవలెను. లేసు విప్పకుండ వెనుక భాగమును త్రొక్కి కాలు దూర్చు అలవాటు మంచి బూటును కూడ నెలదినములలో చెరచును.

మన ఇండ్లలో ఒక వాడుక కలదు. “ఎదుగు పిల్లవాడు, రెండేండ్లు వచ్చును” అని రెండు కొలతలు పెద్దవి కొందురు. ఆ తలంపు పొదుపుగలవారిది. దానిని ఎగతాళి చేయరాదు. కాని వదులు బూటులో పాదము ముందువెనుకలకు జారి, ప్రతి అడుగునను మడమ రాపిడి పొందును. అన్నగారి బూట్లు తమ్మునికి పనికివచ్చునా యనినచో, అడుగు అరగక, వెనుక భాగము వాలక, కొలత సరిపోయినచో రావచ్చును. అన్నపాదమునకు అలవాటుపడి ఒక ప్రక్కకు ఒరిగిన బూటు తమ్మునికి తగదు. పెద్దలు మూడు నాలుగు నెలలకొకసారి పిల్లల పాదములను కొలుచుచుండుట మంచిది. కొత్తవి కొనుటకు వీలు లేనపుడు, చెప్పులు కుట్టువానిచేత రెండు బూట్లలోను మడమ క్రింద దట్టమైన మెత్తని రబ్బరు ముక్కలను సమానమైన ఎత్తున అమర్పించుకొనవచ్చును. అది స్వల్పవ్యయముతో గొప్ప మేలు చేయును.

చికిత్స

మొదటి చికిత్స చెప్పుట. మడమ నొచ్చుచున్నదని తల్లిదండ్రులకును, వ్యాయామోపాధ్యాయునకును వెంటనే చెప్పవలెను. వైద్యుడు మడమను రెండు ప్రక్కల నుండి మెల్లగ నొక్కి చూచును. అపుడు నొప్పి కలిగినచో సీవర్ వ్యాధి యని సాధారణముగ పోల్చగలుగును. వేరు సందేహమున్ననే తప్ప ఎక్స్‌రే అవసరముండదు.

రెండవది విశ్రాంతి. విశ్రాంతి యనగా మంచమెక్కుట కాదు. పరుగు, దూకుడు కొన్ని వారములు తగ్గించవలెను. ఆ కాలమున ఈత, సైకిలు, చేతుల వ్యాయామము నొప్పి లేనంతవరకు చేయవచ్చును.

మూడవది చల్లదనము. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదిపదునైదు నిమిషములు మడమపై ఉంచవలెను. మంచును నేరుగ చర్మముపై పెట్టరాదు. మంచు దొరకనిచో కుండనీటిలో తడిపిన గుడ్డ కొంత ఉపశమనము నిచ్చును. మన పల్లెలలో కాచిన ఇటుకపై జిల్లేడాకు పరచి మడమ ఆనించుట వాడుక. వెచ్చదనము క్షణకాలము హాయి నిచ్చినను మూలకారణమును పోగొట్టదు. పిల్లలకు కాలు కాలు ప్రమాదము కలదు. జిల్లేడుపాలు కంటికి మిక్కిలి హానికరము. కావున పిల్లల మడమ నొప్పికి ఆ పద్ధతి మానుట మేలు.

నాలుగవది పిక్కలను సాగదీయుట. గోడకు ఎదురుగ నిలిచి రెండు అరచేతులను గోడకానించుడు. ఒక కాలిని వెనుకకు జరిపి, మోకాలు వంచక, మడమ నేలకానించి ఉంచుడు. ముందుకాలి మోకాలు వంచుచు మెల్లగ ముందుకు ఒరుగుడు. వెనుక పిక్క బిగిసినట్లు తోచిన చోట ఇరువది ముప్పది అంకెలు లెక్కించువరకు నిలువుడు. ఒక్కొక్క కాలికి మూడు మారులు, దినమునకు రెండు పర్యాయములు చేయవలెను. కుదుపులు పనికిరావు. నొప్పి కలిగినచో మానవలెను.

ఐదవది బూట్లలో మెత్త. మడమను కొంచెము ఎత్తున ఉంచు మెత్త పిక్కత్రాడు బిగువును తగ్గించును. నేల తాకిడిని మెత్తబరచును. ఇంటిలోను గట్టి గచ్చుపై మెత్తని చెప్పులు తొడుగుట మంచిది. నొప్పి తగ్గించు మాత్రలను వైద్యుని అడుగక మ్రింగరాదు. మాత్ర మ్రింగి నొప్పి తెలియకుండ ఆడుట, మంటను ఆర్పక కన్నులు మూసికొనుటవంటిది.

ఆటకు మరలుటయు క్రమముగ జరుగవలెను. ముందు నొప్పి లేని నడక. పిమ్మట మెల్లని పరుగు. ఆపైన దినము విడిచి దినము ఆట. తుదకు పూర్తి సాధన. ఏ మెట్టున నొప్పి వచ్చినను ఒక మెట్టు వెనుకకు దిగవలెను. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక అనలేదు.

పెద్దల మడమ నొప్పి

నాయనమ్మకో, పొలమున పగలంతయు నిలువుకాళ్ళపై పనిచేయు తల్లికో కలుగు మడమ నొప్పి వేరైనది. ఉదయము మంచము దిగి మొదటి అడుగు వేయగనే మడమ క్రింద ముల్లు గ్రుచ్చినట్లుండును. నాలుగడుగులు నడచినచో కొంత తగ్గును. అరికాలి పొడవున మడమ నుండి వ్రేళ్ళవరకు సాగిన పట్టీవంటి పొర దెబ్బతినుటచే అది వచ్చును. దానికిని అరికాలు, పిక్కలు సాగదీయుటయు, మెత్తని పాదరక్షలును ముఖ్య చికిత్సలు. కొన్ని నెలలపాటు ఓపికతో చేసినచో చాలమందికి తగ్గును. మీరు నేర్చిన గోడ వ్యాయామమును వారికి చూపుడు.

ఆలసింపరాని గుర్తులు

కొన్ని నొప్పులు సీవర్ వ్యాధి కావు. మడమ ఎర్రబడి వాచినను, జ్వరము వచ్చినను, రాత్రి నిద్రలో సైతము నొప్పి మేల్కొల్పినను, ఎత్తునుండి దూకిన పిమ్మట కాలు మోపలేకపోయినను, విశ్రాంతి తీసికొన్నను కొన్ని వారములలో తగ్గకున్నను జాగు చేయక వైద్యుని చూడవలెను. నాగల్‌గిద్ద ప్రాంతము వారికి నారాయణఖేడ్‌లో ప్రభుత్వ ఆసుపత్రి కలదు. మందులవాని మాట, ఇరుగుపొరుగుల సలహా వైద్యుని పరీక్షకు సాటిరావు.

విశ్రాంతి ఓటమి కాదు

విశ్రాంతి తీసికొన్నచో వెనుకబడుదుమను భయము ఆటగాండ్రకు సహజము. మన తెలుగుబిడ్డ పి.వి. సింధు వృత్తాంతము ఈ భయమును పోగొట్టగలదు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో ఆమె బ్యాడ్మింటన్ స్వర్ణము గెలిచెను. ఆ క్రీడలలోనే ఎడమ చీలమండ ఎముకకు నెఱ్ఱె వచ్చినట్లు తేలెను. అనంతరము జరుగనున్న ప్రపంచ పోటీలను, అంతకు పూర్వము తాను 2019 లో గెలిచిన పోటీలనే, ఆమె వదలుకొనెను. సుమారు ఐదు నెలలు ఆటకు దూరముగ నుండి, 2023 జనవరిలో మరల కోర్టున అడుగిడెను. రెండు ఒలింపిక్ పతకములు గెలిచిన క్రీడాకారిణియే పాదము కొరకు ఆగినపుడు, ఎదుగు వయస్సులోని మీరు కొన్ని వారములు ఆగుట సిగ్గుపడవలసిన పని యగునా?

మన బాలుని కథకు మరలుదము. ఒక సాయంకాలము అతడు మునివ్రేళ్ళపై నడచుట చూచి వ్యాయామోపాధ్యాయుడు ప్రక్కకు పిలిచి, “కాలేమైనది నాయనా?” అని అడిగెననుకొందము. ఆ ఒక్క ప్రశ్నతో రెండు వారముల రహస్యము కన్నీరై కరగును. ఆ ఏటి మండల పోటీలలో అతడు ఆడలేకపోవచ్చును. గీత వెలుపల కూర్చుండి తోటివారికి చప్పట్లు కొట్టవచ్చును. అది కష్టమే. కాని మరుసటి ఏడు, తన కొలతకు సరిపోయిన బూట్లు తొడిగికొని, నొప్పి యెరుగని మడమతో మైదానమున దిగునది అతడే.

బాలబాలికలారా! పాదము మనలను జీవితమంతయు మోయును. అది మాటలాడలేదు, నొప్పి యొక్కటియే దాని భాష. ఆ భాషను విని ఆగగలుగుట పిరికితనము కాదు, వివేకము. మీ ప్రక్కనున్న స్నేహితుడు కుంటుచు నడచినపుడు నవ్వకుడు. ఆగి, “నొచ్చుచున్నదా?” అని అడుగుడు. చికిత్స ఆ మాటతోనే మొదలగును.

కఠిన పదములకు అర్థములు

నెఱ్ఱె : బీట, పగులు
మృదులాస్థి : ఎముకకంటె మెత్తనైన భాగము
స్నాయుబంధనము : కండరమును ఎముకకు కట్టు త్రాడువంటి భాగము
పలుపు : పశువును కట్టు త్రాడు
మేజోడు : కాలికి తొడుగు అల్లిక తొడుగు
ఉపశమనము : బాధ తగ్గుట

ప్రశ్నలు

1. ఎదుగు పిల్లలకు మడమ నొప్పి కలుగుటకు కారణములేవి? గుంజ, పలుపుల పోలికతో వివరింపుడు.
2. అబెబె బికిలా రెండు పరుగుల వలన మనము నేర్చుకొను నీతి యేమి?
3. ఆటబూట్లను కొనునపుడు చేయవలసిన ఐదు పరీక్షలను వ్రాయుడు.
4. పిల్లల మడమ నొప్పికిని, పెద్దల మడమ నొప్పికిని గల భేదమేమి?
5. నలుబదియైదు కిలోల బరువుగల బాలిక రెండు కిలోమీటర్లు పరుగెత్తినచో ఒక్కొక్క పాదము మోయు భారమును పాఠములోని రీతిని లెక్కకట్టుడు.
6. మీ ఇంటివారి పాదములను, వారి పాదరక్షలను కొలిచి చూడుడు. ఎవరి పాదరక్ష సరిపోవుట లేదో, ఏల సరిపోవుట లేదో ఒక పేరాలో వ్రాయుడు.